పిలవని పేరుకు జవాబు

నమోదు 1

యుద్ధంలో మమ్మల్ని గెలిచి ఓడలో దిగిన పైవాళ్ళు ఈ ఉదయం మా ప్రార్థన మైకు తిరిగి ఇచ్చేశారు. ఊరికే ఇవ్వలేదు, బాగుచేసి ఇచ్చారు. యుద్ధంలో చిరిగిపోయిన గొట్టం మూతికి కొత్త రేకు వేశారు, కొత్త బ్యాటరీ పెట్టారు. ఇద్దరు సైనికులు ప్రార్థన గది కప్పెక్కి బిగించి, దిగాక గడప దగ్గర బూట్లు తుడుచుకుని లోపలికి వచ్చి తీగ కలిపారు. బూట్లు తుడుచుకోవడం నాకు నచ్చలేదు. గెలిచినవాడు నా గడప దగ్గర బూట్లు తుడుచుకున్నాడంటే వాడికి లోపల ఏదో కావాలి.

మా వలలవాడలో ఇప్పుడు ఈల వెయ్యడానికి లేదు, గంట కొట్టడానికి లేదు, నలుగురు ఒకచోట నిలబడటానికి లేదు. రేడియోలన్నీ గుట్టపోసి వాళ్ళ ఓడలోకి ఎక్కించుకుపోయారు. అలాంటివాళ్ళు ప్రార్థన మాత్రం కొండంతా మోగేలా చేసుకోమంటున్నారు. వాళ్ళ కెప్టెన్ హెల్మిన్, మెడలో వేలాడుతూ వాళ్ళ భాషను మా భాషలోకి తిప్పే మాటల పెట్టెతో ఆ సంగతి నాకు చెప్పించాడు. "మీ ఆచారం మాకు గౌరవం" అంది పెట్టె.

మా పవిత్ర గ్రంథం యాత్రావాక్యంలో, దాహకాండంలో ఉంది: "శత్రువు నీకు చెయ్యి చాపినప్పుడు వాని చేతివైపు చూడకుము, వాని పాదములు ఎవరి నేల మీద నిలిచియున్నవో చూడుము." నేను చూశాను. నా నేల మీదే ఉన్నాయి. అయినా మైకు తీసుకున్నాను. తీసుకోక ఏం చెయ్యను? అది లేక మంచులో ఇప్పటికే ఇద్దరు లోయలోకి జారిపోయారు.

మా పెద్దలు ఆకాశపు ఓడ దిగి స్థిరపడ్డ ఈ కొండకు వాగు లేదు, బావి లేదు. మా రెండు పొద్దుల్లో చిన్న పొద్దు పొడిచి పెద్ద పొద్దు వచ్చేలోపు కమ్మే పొగమంచే మాకు నీళ్ళు. ఆ వేళ ఇంటికొకరు వాలు ఎక్కి, వలలకు పట్టిన తడి దులిపి తొట్లు నింపుతారు. మూరెడు దూరంలో ఉన్న మనిషి మనిషికి కనపడడు. అందుకే మా పెద్దలు పేర్ల ప్రార్థన పెట్టారు. బోధకుడు మైకులో ఒక్కొక్క పేరూ పిలిచి, ఆ ఇంటి అవసరం దేవుడికి విన్నవిస్తాడు. పైనున్న మనిషి తన వల కట్టిన ఇనప గుంజను కడ్డీతో కొట్టి ఉన్నానంటాడు. ఒక్కో గుంజది ఒక్కో మోత. ఇప్పుడు ఆ బోధకుణ్ణి నేనే గాని చదువుకున్నవాణ్ణి కాదు, వలలు అల్లుకునేవాణ్ణి, యాత్రావాక్యం మీదే అక్షరాలు దిద్దుకున్నాను. కానీ ఏ మోత ఎవరిదో కళ్ళు మూసుకుని చెప్పగలను.

అన్నిటికంటే పైన, కనుమ కింద మా అన్న అప్పన్న గుంజ ఉంది. గుండు తగిలి చీలింది. కొడితే పగిలిన కుండలా మోగుతుంది. అన్న కనుమ దగ్గరే పోయాడు. అప్పటినుంచీ దాన్ని ఎవరూ ముట్టలేదు.

నమోదు 2

గవరయ్య ఇంట్లో తాతబ్బాయిని పట్టుకున్నారు.

తాతబ్బాయి మన సైనికుడు. లొంగిపోమని మన సేనాపతులు ఆజ్ఞ ఇచ్చినా తుపాకీ దింపనివాళ్ళు కొందరు గాయాలతో ఊళ్ళోకి చేరారని అందరికీ తెలుసు. ఎవరింట్లో ఉన్నారో నాకు తెలియదు, నేను అడగలేదు. పైవాళ్ళకు మాత్రం తెలిసింది. ఊరంతా వదిలేసి సరిగ్గా గవరయ్య ఇంటికే వచ్చి, సరిగ్గా అటకే తీశారు.

గవరయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "బోధకుడు బావూ, ఎవులికీ సెప్పనేదు. మా ఆడదాని అప్పసెల్లెలికి కూడా సెప్పనేదు. ఎలగ తెలిసిపోనాది?"

"ఎవరో చెప్పారు" అన్నాను.

"ఎవులు?"

అదే నా ప్రశ్న కూడా. ఈ ఊళ్ళో ఎవరు పైవాళ్ళ శిబిరానికి వెళ్తున్నారు? ఎవరింట్లో పైవాళ్ళ తిండి వాసన వస్తోంది? ఆలోచించాల్సిన పని లేదు. మా వదిన ఆదెమ్మ. మా అన్నను చంపినవాళ్ళ చొక్కాలు ఉతకడానికి రోజూ శిబిరానికి వెళ్తుంది. తిరిగొచ్చేటప్పుడు కొంగులో ఏదో ఒకటి ఉంటుంది. నిన్న బిస్కెట్ల పొట్లం నేను చూశాను. నేను చూస్తున్నానని చూసి, కొంగు సర్దుకుంది.

నమోదు 3

కెప్టెన్ ప్రార్థన గదికి వచ్చాడు. మాటల పెట్టె లేదు. తన నోటితోనే మాట్లాడాడు.

"సంఘపెద్దా, మీకు సమాధానము కలుగును గాక."

వాడి నోట్లో మా మాట. అదీ బజారు మాట కాదు, ప్రార్థన మాట.

"మా భాష ఎవరు నేర్పారు?" అన్నాను.

నవ్వాడు. "వినుచున్నాను. చెవియొగ్గి వినువాడు నేర్చుకొనును." లేచి వెళ్తూ గుమ్మంలో ఆగాడు. "గవరయ్య ఇంట ఇప్పుడు నీళ్ళు సమృద్ధిగా నున్నవా?"

గవరయ్య ఇంట నీళ్ళు చాలడం లేదని వీడికెలా తెలుసు? మేం వలల నుంచి నింపిన నీళ్ళే పైవాళ్ళు తలకింత అని కొలిచి ఇస్తున్నారు. ఆ ఇంట్లో మొగుడూ పెళ్ళాం ఇద్దరే. చాలకపోవడమంటే మూడో నోరు ఉన్నట్టు. ఆ లెక్క కట్టాలంటే ఇంటి లోపలి సంగతి తెలిసిన మనిషి ఉండాలి. ఉతికిన గుడ్డలు మడతపెడుతూ కబుర్లు చెప్పే మనిషి ఉండాలి.

ఈ వారం బోధలో నిప్పులు కక్కాను. "తన తొట్టికి తానే చిల్లి పొడుచుకొను స్త్రీని ఏమందుము? ఆమె తన పిల్లల దాహమును అమ్ముకొనుచున్నది" అనే వాక్యం తీసి, బల్ల మీద కొట్టి కొట్టి చెప్పాను. ఎవరి పేరూ ఎత్తలేదు. అందరూ ఆదెమ్మ కూర్చున్నవైపు చూశారు. ఆమె మాత్రం నావైపే చూస్తూ, దారం పళ్ళతో తెంపుకుంటూ, చిరిగిన చొక్కా ఏదో కుట్టుకుంటూ కూర్చుంది.

నమోదు 4

మాచమ్మ ఇంట్లో ఇంకో మన సైనికుణ్ణి, సింహాద్రిని పట్టుకున్నారు. ధాన్యపు గాదె వెనక దాచిందట. మాచమ్మకు శిక్షగా నీళ్ళ వాటా ఆపేశారు. ముసలిది గడపలో కూర్చుని ఖాళీ చెంబు ఒళ్ళో పెట్టుకుంది.

మధ్యాహ్నం నా వలల పాక దగ్గరికి ఆదెమ్మ వచ్చింది. "మరిదీ, నీతో ఒక మాట" అంది.

నేను ఆమెకు ఆ ఒక్క మాటా మిగల్చలేదు. నాకు తెలిసిన వాక్యాలన్నీ తీశాను. తొట్టికి చిల్లి పొడిచినదానివన్నాను, పాము పిల్లవన్నాను, అన్న నెత్తురు సబ్బునీళ్ళలో కలిపి పారబోస్తున్నావన్నాను.

"అయిపోనాదా?" అంది.

"కాలేదు. రేపటినుంచి నీ పేరు పిలవను."

పేరు పిలవకపోవడం మా సంఘంలో ఆఖరి శిక్ష. పిలవని మనిషి గుంజ కొట్టకూడదు. కొట్టనిదానికోసం ఎవరూ చెవి పెట్టరు. మంచులో కాలు జారినా ఎవరూ వెతకరు. "పిలువబడని పేరు పొగమంచులో కలిసిపోవును" అని వాక్యం.

ఆదెమ్మ కొంగు దోపుకుంది. "సరే మరిదీ. నువ్వు పిలవకపోయినా వల దులపాల కదా" అని వెళ్ళిపోయింది.

ఏడవలేదు. తప్పు లేని ఆడది ఏడుస్తుంది అనుకున్నాను.

నమోదు 5

ఇదంతా రాసిపెడుతున్నాను. రాయడానికి భయం లేదు, పైవాళ్ళు మా మాట చెవితో నేర్చారు గాని మా అక్షరాలు చదవలేరు.

ఆదెమ్మ పేరు వదిలేసి రెండు ఉదయాలు ప్రార్థన చేశాను. రెండో రోజు ప్రార్థన ముగించి మైకు కట్టేసేసరికి కెప్టెన్ వాకిట్లో ఉన్నాడు.

"ఆదెమ్మ నామమును మీరు ఏల పిలువలేదు? ఆమె ఎక్కడ దాగియున్నది?"

"దాక్కోవడమేమిటి? మీ గుడ్డలు ఉతకడానికి మీ శిబిరానికే వస్తుంది కదా."

"నిన్న రాలేదు. ఆమె గృహమును వెదకితిమి. ఆమె ఒంటరి. అయితే అచ్చట రెండు కంచములు తడిగా నున్నవి." నా కళ్ళలోకి చూశాడు. "మీరు ఆమెను ఏల దాచుచున్నారు?"

"ఇది సంఘం విషయం" అన్నాను. ఇంకేం అన్నానో గుర్తు లేదు.

వాడు వెళ్ళాక బల్ల మీద కూర్చున్నాను. ఆదెమ్మ పేరు పిలవలేదని వీడికి ఎవరు చెప్పారు? ఎవరూ చెప్పక్కర్లేదు. కొండంతా మోగేలా గొట్టం బిగించినవాడు వాడే.

గవరయ్య ఇంట నీళ్ళు చాలడం లేదని శిబిరంలో ఎవరు చెప్పారు? నేనే చెప్పాను. "గవరయ్య ఇంట నీళ్ళు చాలుటలేదు, ప్రభువా" అని మైకులో, గొంతెత్తి. మాచమ్మ ఇంట దగ్గు తగ్గించమని వేడుకున్నదీ నేనే. మాచమ్మ ఒంటరిది. ఆ పొద్దున పేరు పిలవగానే వాలు మీద గుంజను ఖంగున కొట్టింది, దగ్గు లేదు, ఆయాసం లేదు. మరి ఇంట్లో దగ్గుతున్నది ఎవరు? ఆ లెక్క చిన్న పిల్లలు కూడా కడతారు.

అవసరం చెప్పుకోవడానికి వచ్చిన ఒక్కరికీ తోచలేదు. దేవుడికి చెప్పుకుంటున్నాం అనుకున్నారు. నాకూ తోచలేదు. విన్నపంలో ఒక్క మాట కలపకూడదు, ఒక్క మాట తీయకూడదు అన్న నియమం ఉంది కదా. ఉన్నది ఉన్నట్టు అప్పజెప్పాను, దేవుడికీ, వాళ్ళకీ.

ఆదెమ్మ వేగు అయితే ఆమె ఇల్లు వెతకరు. తడి కంచాలు రెండు. రెండోది ఎవరిది?

నమోదు 6

ఆదెమ్మ తానే వచ్చింది. చిరిగిన వల భుజాన వేసుకుని, వెనకాల ఒక సైనికుడితో. శిబిరానికి రానందుకు ఏదో సర్దిచెప్పుకుందట. వదిలేశారు గాని నీడలా ఒకణ్ణి తగిలించారు. వాడు గుమ్మంలో కూర్చున్నాడు. వాడికి మా మాట రాదు.

"మరిదీ, ఈ వల సూడు. గొడ్డు నమిలినట్టయిపోనాది" అంది గట్టిగా.

"వదినా, నేను నిన్ను..."

"పురికొస తియ్యి. ఏడుపు తరవాత ఏడుద్దువు గాని."

ఇద్దరం నేల మీద కూర్చుని వల పరిచాం. తల దించుకుని మాట్లాడుకున్నాం.

"మైకు సంగతి నీకు ముందే తెలుసా?"

"నాను గుడ్డలుతికే కాడ ఆల రేడియోలో నీ గొంతే మల్లీ మల్లీ ఏస్తారు. కెప్టెనేమో నీలాగే నోరు తిప్పుకుని సదువుతాడు. ఒకసారి నీ దగ్గు కూడా ఇన్నాను."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"సెప్పడానికే వొచ్చినాను గదేటి ఆవేళ. నువ్వు నోరిప్పనిచ్చినావా? పామన్నావు, సిల్లన్నావు, ఇంకేటో పాత మాటలన్నావు, సగం నాకు తెలీనేదు."

నేను ముడి వేశాను. తప్పుడు ముడి పడింది. ఆమె విప్పి మళ్ళీ వేసింది.

"ఎవరున్నారు నీ దగ్గర?"

"నూకాలు. సన్నాసి కూతురు. కనుమ కాడ తుపాకీ పట్టి మీ అన్న పక్కనే ఉన్నాది, ఆఖరిదాకా. ఆడి తల ఒల్లో ఎట్టుకున్నాది అదే. కాలికి దెబ్బ. ఆల బిస్కెట్లే ఎట్టి, ఆల గుడ్డలే సింపి కట్టు కట్టినాను. ఎతుకులాట అవుతాదని వాలు మీద జోగులోల పాడుబడ్డ తొట్లోకి మార్చీసినాను. రేపు మంచులో కనుమ దాటించీయాల."

కనుమ దాటితే ఉప్పుమేట. అక్కడివాళ్ళు ఇంకా లొంగలేదు. నడిస్తే రెండు పెద్దపొద్దుల కాలం ఎండలో, చుక్క నీరు దొరకదు.

"దాటించు మరి."

"ఎలగ? రేపు మంచు పడగానే వాలు సుట్టూరా మనుసుల్ని నిలబెడతారట. మంచులో ఆల కళ్ళజోళ్ళు పనిసెయ్యవు గానీ సెవులు పనిసేస్తాయి. ఆలు కిందకి దిగితేనే దారి."

నాకు అప్పుడే తోచింది. "నేను దింపుతాను" అన్నాను. చెప్పాను ఎలాగో.

ఆదెమ్మ వల కుట్టే కడ్డీ పట్టుకున్న చెయ్యి ఆపింది. "మైకులో అబద్ధమాడతావా, నువ్వు?"

"ఆడను."

అంతా మాట్లాడుకున్నాక నా మనసులో పురుగు మళ్ళీ లేచింది. ఇదంతా ఆమె మాట ఒక్కటే కదా. తొట్లో ఎవరున్నారో నేను చూశానా? ఇదే కెప్టెన్ పన్నిన వల అయితే? "నూకాలును ఒకసారి చూడాలి" అన్నాను.

"సూడ్డానికి జాతరేటి?"

"చూడకుండా ఎలా నమ్మను?"

"ఇన్నేల్లూ నువ్వు మాకు సెప్పిందంతా సూసే సెప్పినావేటి?"

అయినా పట్టు వదల్లేదు. "కనుమ చేరాక అన్న గుంజ కొట్టమను. నాకు వినపడాలి."

"ఆలకీ ఇనపడతాది."

"వినపడనీ. వాళ్ళు నన్ను తన్నేటప్పుడు నేను దేనికోసం తన్నులు తింటున్నానో నాకు తెలియాలి."

ఆదెమ్మ పురికొస తెంపింది. వల చుట్టింది. "నీ అనుమానం పాడుగాను" అంది. "సరే."

తడి వల మడతల్లో నాలుగు నీటి తిత్తులు పెట్టి ఇచ్చాను. వల ఎప్పుడూ కారుతూనే ఉంటుంది, ఆ సైనికుడికి తేడా తెలియలేదు. నా ఇంటి నీళ్ళ డ్రమ్ములో మిగిలినదంతా సాయంత్రం చెంబులతో మోసి మాచమ్మ తొట్లో పోశాను. ముసలిది దీవించబోయింది, నోరు మూసుకోమన్నాను. ఇంటికొచ్చి డ్రమ్ము బోర్లించి, గుడ్డతో తుడిచాను.

నమోదు 7

మంచు బాగా దట్టంగా పడింది.

మైకు ముందు నిలబడ్డాను. పేర్లు పిలిచాను. గవరయ్య గుంజ మోగింది. మాచమ్మది మోగింది. ఆదెమ్మ పేరు పిలిచాను. మోగింది. ఎక్కడో ఎడమవైపు, ఉండాల్సినదానికంటే పైన. గుంజ పీకి వెంట తీసుకెళ్ళినట్టుంది.

తర్వాత, బోధకుడు ఎన్నడూ చెయ్యని పని చేశాను. నా పేరే పిలిచి, నా ఇంటి అవసరం చెప్పాను. తన కోసం బోధకుడు అడగకూడదని మా నియమం. ఊరందరికీ తెలుసు, అన్ని రోజులు విన్న కెప్టెన్‌కూ తెలిసే ఉంటుంది.

"కరుణయ్య ఇంట నీళ్ళు లేవు, ప్రభువా. నిన్నటినుండి చుక్క లేదు. ఆ నీళ్ళు తాగినవారిని కాపాడుము."

ప్రతి మాటా నిజం.

పెద్దసేపు పట్టలేదు. వాలు మీద ఈల వినపడింది, ఆ వెనకే రాళ్ళు దొర్లుతున్న మోత. బూట్లు, చాలా బూట్లు, పైనుంచి కిందకి. ఈసారి గడప దగ్గర ఎవరూ బూట్లు తుడుచుకోలేదు. అటక పీకారు, నేల పలకలు లేపారు, వలల పాక కూల్చారు. ఎవరిని దాచావంటూ తుపాకీ మడమతో దవడ మీద కొట్టారు. నోటినిండిన నెత్తురు నేల మీద ఉమ్మేశాను.

కెప్టెన్ డ్రమ్ము తిప్పి చూశాడు. లోపల చెయ్యి పెట్టి వేళ్ళు చూసుకున్నాడు. పొడిగా ఉన్నాయి.

"నీళ్ళు నిజముగా లేవు" అన్నాడు.

"ప్రార్థనలో అబద్ధం ఆడను."

"ఎవరు తాగిరి?"

"మాచమ్మ. వెళ్ళి ఆమె తొట్టి చూడండి. దాహంతో ఉన్నవాళ్ళకి ఇచ్చాను."

వాడు నన్నే చూస్తున్నాడు. నేను కిటికీవైపు చూస్తున్నాను. చిన్న పొద్దు చుట్టూ మంచు అప్పుడే పలచబడుతోంది. ఏమీ వినపడలేదు. ఆదెమ్మ మోసం చేసిందనుకున్నాను. లేదు, కాలు జారిందనుకున్నాను. లేదు, తొట్లో అసలు ఎవరూ లేరనుకున్నాను. దవడ నొప్పికంటే ఈ మూడూ ఎక్కువ నొప్పెట్టాయి.

అప్పుడు మోగింది. పగిలిన కుండలా, కొండ కొసన, ఒక్కసారి.

కెప్టెన్ తల తిప్పాడు. వాడి చెవులు మా చెవులంత బాగా పనిచేస్తాయి ఇప్పుడు. "ఆ మోత ఎవరిది? దానిని నేనెన్నడును వినలేదు."

"మా అన్నది. అప్పన్న."

"మీరు ఆ నామమును పిలువలేదు."

"పిలవను. యుద్ధంలో పోయాడు."

"పిలువని నామమునకు జవాబు వచ్చినది." అడుగు ముందుకు వేశాడు. "మృతులు మీకు ఉత్తరమిత్తురా?"

"ఇస్తారు. వాక్యంలో ఉంది. 'మృతులైనవారు ఉత్తరమిత్తురు, వారు నిలిచిన చోటనుండియే ఉత్తరమిత్తురు.' తీసి చూపిస్తాను, చదువుకోండి."

చదవలేడు. అది వాడికి గుర్తొచ్చినట్టుంది.

"దీనిని నన్ను నమ్ముమందురా?"

"నా ప్రార్థనలన్నీ నమ్మారు కదా" అన్నాను. "నమ్మిన ప్రతిసారీ మీకొక మనిషి దొరికాడు. ఇదొక్కటి నమ్మకపోతే ఎలా?"

కేకలు వేశాడు, వాళ్ళ భాషలో. బూట్లన్నీ మళ్ళీ వాలు ఎక్కాయి. పెద్ద పొద్దు వచ్చి మంచు విడిపోయేదాకా ఎక్కుతూనే ఉన్నాయి. దిగినప్పుడు ఎవరి చేతిలోనూ ఎవరూ లేరు.

నమోదు 8

మైకు విప్పి పట్టుకుపోయారు. ఈసారి బాగుచేసి ఇవ్వరు.

పొద్దున్నే ప్రార్థన గది కప్పెక్కాను. రెండు పళ్ళు కదులుతున్నాయి, దవడ సరిగ్గా తెరుచుకోవడం లేదు. ఓడ దిగిన తరానికి మైకు లేదు, గొంతే ఉంది. గొంతుతోనే పిలిచాను.

పేర్లు మాత్రమే పిలిచాను. అవసరాలు చెప్పలేదు. అవి ఆయనకు తెలుసు.

మొదటి పేరు ఆదెమ్మది. ఎప్పుడూ గవరయ్యది మొదట వస్తుంది, ఈసారి మార్చాను. పిలిచి ఆగాను. తెల్లగా మంచు, దానిలో ఏమీ లేదు. నిన్న దిగి రావడం ఎవరూ చూడలేదు. నూకాలుతోపాటు కనుమ దాటిందా? దొరికిందా? మళ్ళీ పురుగు కదిలింది. ఈ మనసు ఎప్పటికి బాగుపడుతుందో నాకు తెలియదు.

అప్పుడు ఆమె గుంజ మోగింది, తన చోటనుంచే. వెనకాలే ఆమె గొంతు.

"గట్టిగా పిలు మరిదీ. ఇనపడనేదు."

మళ్ళీ పిలిచాను.